సీఆర్‌ఎంలో కాల్ బటన్ నొక్కితే 401 వస్తోంది – క్లౌడ్ టెలిఫోనీ ఖాతా కలిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డ్రిప్_నల్లగొండ

అందరికీ నమస్తే. మాది నల్లగొండ దేవరకొండ రోడ్డులో డ్రిప్, స్ప్రింక్లర్ల డీలర్‌షిప్. ఎంక్వైరీలు ఎక్కువగా బత్తాయి తోటల వాళ్ల నుంచే: కనగల్, నిడమనూరు, గుర్రంపోడు, అటు కొండమల్లేపల్లి వైపు. ఫేస్‌బుక్ ప్రకటన చూసి నంబర్ ఇచ్చినవాళ్లు, షాపుకు వచ్చి కొటేషన్ తీసుకుని మళ్లీ కనిపించనివాళ్లు, అందరికీ ఫోన్ చేయడానికి ఐదుగురు అమ్మాయిలు ఉన్నారు. ఇన్నాళ్లూ ఎవరి సిమ్ నుంచి వాళ్లే చేసేవాళ్లు. ఎవరికి చేశారో, ఏం చెప్పారో నాకు తెలిసేది కాదు. పోయిన సీజన్‌లో ఒకమ్మాయి పెళ్లయి వెళ్లిపోతే, ఆమె మాట్లాడిన రైతులంతా ఆమె ఫోన్‌లోనే ఉండిపోయారు.

అందుకని ఒక క్లౌడ్ టెలిఫోనీ ఖాతా (ఇంటర్నెట్‌లోని సర్వర్ ద్వారా కాల్స్ కలిపే సేవ), ఒక వర్చువల్ నంబర్ (ఏ సిమ్‌కూ కట్టుబడనిది), సేల్స్ కాలింగ్‌కు ఒక సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు, వాళ్లతో మాట్లాడినవి దాచే సాఫ్ట్‌వేర్) తీసుకున్నాం. సీఆర్‌ఎం సెట్టింగ్స్‌లో టెలిఫోనీ పేజీ ఉంది. ఖాతా ఐడీ, ఏపీఐ కీ, ఏపీఐ టోకెన్ (ఒక సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకటి గుర్తుపట్టే రహస్య పదాలు), సబ్‌డొమైన్ (సర్వర్ చిరునామా), వర్చువల్ నంబర్ అడిగింది. అన్నీ నింపి సేవ్ కొడితే పచ్చగా ‘కనెక్టెడ్’ అని చూపించింది. కానీ రైతు పేరు పక్కన ఉన్న ఫోన్ గుర్తు నొక్కితే 401 అని ఎర్రగా వస్తోంది. టెలిఫోనీ వాళ్లను అడిగితే సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగమంటారు, వాళ్లేమో వీళ్లను అడగమంటారు. మధ్యలో నెల చందా నడుస్తూనే ఉంది. ఇంతకుముందు ఎవరైనా చేసి ఉంటే దారి చెప్పండి.

లైన్‌మ్యాన్_పాలమూరు

అన్నా, ముందు ఒక సంగతి చూసి చెప్పు. సీఆర్‌ఎం మూసేసి, టెలిఫోనీ కంపెనీ సొంత డాష్‌బోర్డులోకి వెళ్లు. అక్కడ కాల్ లాగ్ అని ఉంటుంది. నువ్వు బటన్ నొక్కిన సమయానికి అందులో ఏదైనా వరుస పడిందా? పడకపోతే నీ కోరిక వాళ్ల గుమ్మం దాకా వెళ్లలేదు, లేదా గుమ్మంలోనే ఆపేశారు. వరుస పడి ‘ఫెయిల్డ్’ అని ఉంటే కలపడం సరిగానే అయింది, తంటా నంబర్‌లోనో ఫోన్‌లోనో ఉంది. ఈ తేడా తెలియకుండా రెండు కంపెనీల మధ్య తిరిగితే ఎన్నాళ్లయినా తిరుగుతూనే ఉంటావు.

401 అంటే ‘నువ్వెవరో నాకు తెలియదు’ అని అవతలి సర్వర్ చెప్పడం. దాదాపు ఎప్పుడూ కీ, టోకెన్, చిరునామా ఈ మూడింటి దగ్గరే ఉంటుంది. 403 వస్తే ఎవరో తెలుసు కానీ ఈ పనికి అనుమతి లేదని. 400 అంటే అడిగిన తీరులో తప్పు, సాధారణంగా ఫోన్ నంబర్ రాసిన తీరు. ఆ పచ్చ ‘కనెక్టెడ్’ను పెద్దగా నమ్మకు. చాలా సాఫ్ట్‌వేర్లలో దాని అర్థం ‘గడులన్నీ నింపారు, సేవ్ చేశాం’ అని మాత్రమే. నిజంగా ఒక కాల్ వేసి చూసి పచ్చ రంగు వేసేవి తక్కువ.

ఇవి చూడు. టోకెన్ గడిలో డాష్‌బోర్డు పాస్‌వర్డ్ పెట్టలేదు కదా? వాట్సాప్‌లో పంపించుకుని కాపీ చేస్తే చివర్లో ఒక ఖాళీ చోటు అంటుకుంటుంది, కంటికి కనబడదు. ట్విలియో అనే టెలిఫోనీ కంపెనీలో అయితే ఖాతా ఎస్ఐడీ (ఖాతా ఐడీ) ‘ఏసీ’తో, ఏపీఐ కీ ‘ఎస్‌కే’తో మొదలవుతాయి, ఒకదాని గడిలో ఇంకొకటి పెట్టేవాళ్లు చాలామంది. ఇక సబ్‌డొమైన్. కొన్ని కంపెనీలకు రెండు చోట్ల సర్వర్లు ఉంటాయి. ఎక్సోటెల్‌లో సింగపూర్, ముంబై అని రెండు. ముంబైకి చిరునామాలో ‘డాట్ ఇన్’ చేరుతుంది. ఖాతా ఒక చోట ఉండి, అడిగేది ఇంకో చోట అయితే కీ, టోకెన్ అక్షరం పొల్లు పోకుండా సరైనవే అయినా లోపలికి రానివ్వరు.

డ్రిప్_నల్లగొండ

కాల్ లాగ్‌లో ఒక్క వరుస కూడా లేదు. సెట్టింగ్స్ పేజీ స్క్రీన్‌షాట్ పెడుతున్నాను, ఒకసారి చూడండి.

[బొమ్మను నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు

బొమ్మలో ఏపీఐ టోకెన్ పూర్తిగా కనిపిస్తోంది కాబట్టి తీసేశాం. ఆ టోకెన్ చేతిలో ఉంటే ఎవరైనా మీ ఖాతా నుంచి, మీ డబ్బుతో, మీ నంబర్ మీద కాల్స్ చేయొచ్చు. తీసేలోపు ఎంతమంది చూశారో చెప్పలేం, దయచేసి టోకెన్ వెంటనే మార్చుకోండి. ఇక్కడ ఎవరు ఏ సాయం అడిగినా కీ, టోకెన్, రైతుల ఫోన్ నంబర్లు మసి పూసి పెట్టండి.

మిల్లు_మిర్యాలగూడ

మధ్యలో మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి. ఐదుగురి కోసం ఇంత అవసరమా? సాగర్ రోడ్డులో మా మిల్లుకు ముగ్గురు కుర్రాళ్లు హైదరాబాద్, బెంగళూరు హోల్‌సేల్ షాపులకు ఫోన్లు చేస్తారు. ఆఫీసు సిమ్‌లు ఇచ్చాం, ఫోన్‌లో ఒక యాప్ వేశాం, కాల్ చేసిన లెక్క వచ్చేస్తుంది. వర్చువల్ నంబర్, ఏపీఐ అని ఈ టెన్షన్ ఎందుకు?

లైన్‌మ్యాన్_పాలమూరు

మిల్లు సార్, మీ పద్ధతి మీకు సరిపోతుంది. మీ వాళ్లు ఫోన్ చేసేది రోజూ సరుకు కొనే షాపులకే, వాళ్లకు మీ కుర్రాళ్ల గొంతు తెలుసు. డ్రిప్ అన్న పరిస్థితి వేరు, కొత్తవాళ్లకు చేయాలి, మాట్లాడింది వినాలి. సిమ్ మీద యాప్ పెడితే రికార్డింగ్ దగ్గర ఇరుక్కుంటారు. కాల్ రికార్డింగ్ కోసం యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఫోన్‌లో పెట్టిన) సౌకర్యాన్ని వాడే యాప్‌లను గూగుల్ 2022 మే 11 నుంచి ప్లే స్టోర్‌లో ఒప్పుకోవడం లేదు. ఆ తర్వాత ఫోన్ కంపెనీ ఇచ్చిన రికార్డర్ ఉంటేనే పని జరుగుతుంది, అందులో కొన్ని ‘ఈ కాల్ రికార్డ్ అవుతోంది’ అని అవతలి మనిషికి ఇంగ్లీషులో చెప్పేస్తాయి. క్లౌడ్‌లో అయితే రికార్డింగ్ ఫోన్‌లో జరగదు, మధ్యలో సర్వర్‌లో జరుగుతుంది. ఏ ఫోనైనా ఒకటే, కీప్యాడ్ ఫోనైనా సరే.

మిల్లు_మిర్యాలగూడ

రికార్డింగ్ సంగతి ఒప్పుకుంటాను. మా వాళ్ల ఫోన్లలో అదే గొడవ. ఖర్చు సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

డ్రిప్_నల్లగొండ

అన్నా, పట్టుకున్నావు. టోకెన్ మార్చాను, సబ్‌డొమైన్ మా ఖాతా ఉన్న చోటుది కాదు, అది సరిచేశాను. 401 పోయింది. కాల్ లాగ్‌లో వరుసలు పడుతున్నాయి.

ఇప్పుడు కొత్త కథ. బటన్ నొక్కితే మా అమ్మాయి ఫోన్ మోగుతుంది. ఎత్తుతుంది. రెండు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత కట్. రైతుకు ఫోనే వెళ్లడం లేదు. అసలు నాకు అర్థం కానిది, మేం రైతుకు చేస్తుంటే మా ఫోన్ మోగడమేంటి?

కాలింగ్_అక్క_ఎంబీఎన్‌ఆర్

తమ్ముడూ, అది తప్పు కాదు, అది అట్లనే ఉంటుంది. నేను మహబూబ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ అడ్మిషన్ల టీమ్ చూస్తాను. మా అమ్మాయిలు కూడా మొదటి రోజు ‘మేడం, నాకే ఫోన్ వస్తోంది’ అని కట్ చేసేవారు. ముందు నీకు మోగుతుంది, నువ్వు ఎత్తాకే అవతలివాళ్లకు మోగుతుంది. వాళ్లకు నీ నంబర్ కాదు, వర్చువల్ నంబర్ కనబడుతుంది. నువ్వు ఎత్తి ఊరికే ఆగాలి, అవతల రింగ్ నీకు వినిపిస్తుంది. కొందరు ఎత్తగానే ‘నమస్తే అండీ’ మొదలుపెట్టి గాలికి మొత్తం చెప్పేస్తారు.

లైన్‌మ్యాన్_పాలమూరు

అక్క చెప్పింది కరెక్ట్. ఒక కాల్ అంటున్నాం కానీ నిజానికి అవి రెండు కాల్స్. మొదటి లెగ్ ఏజెంట్‌కు, రెండో లెగ్ కస్టమర్‌కు, మధ్యలో సర్వర్ రెండింటినీ జోడిస్తుంది. నీ మొదటి లెగ్ బాగుంది, రెండోదే పడిపోతోంది. కాల్ లాగ్‌లో ఆ వరుస మీద నొక్కితే వివరాలు తెరుచుకుంటాయి, రెండో లెగ్‌కు ఏ నంబర్‌కు ప్రయత్నించిందో అక్షరాలా చూడు. రైతుల లిస్టు ఎక్సెల్ నుంచి ఎక్కించావా?

డ్రిప్_నల్లగొండ

అవును, మొత్తం ఎక్సెల్ నుంచే. ఇప్పుడే చూశాను. లాగ్‌లో కొన్నింటికి నంబర్ స్థానంలో ‘9.19ఈ+11’ లాంటిది ఉంది. కొన్నింటికి మధ్యలో ఖాళీలు. కొన్నింటికి రెండు నంబర్లు, మధ్యలో గీత. మా వాళ్లు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టారు.

లైన్‌మ్యాన్_పాలమూరు

అదే. 91 కలిపి పన్నెండు అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని ఫోన్ నంబర్ అనుకోదు, పెద్ద సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది. గడి ఫార్మాట్‌ను ‘నంబర్’గా మారిస్తే మళ్లీ కనిపించవచ్చు, కానీ ఆ కుదించిన రూపంలోనే సీఎస్‌వీ (ఉత్త అక్షరాల ఫైలు)గా సేవ్ చేశావంటే వెనక అంకెలు పోయినట్టే, తిరిగి రావు. మూల పుస్తకం నుంచి మళ్లీ కొట్టాల్సిందే. కొట్టే ముందు ఆ నిలువు వరుస మొత్తాన్ని ‘టెక్స్ట్’గా మార్చు. ప్లస్ గుర్తు, 91, ఆ తర్వాత పది అంకెలు, మధ్యలో ఖాళీ గానీ గీత గానీ వద్దు. రెండో నంబర్ ఉంటే పక్క గడిలో.

సీఆర్‌ఎంలో, టెలిఫోనీలో ఒకటే రూపం ఉండాలి అన్నా, ఇది ఊరికే చెప్పడం లేదు. రేపు రైతు తిరిగి ఫోన్ చేస్తే టెలిఫోనీ నుంచి నంబర్ ముందు సున్నాతో వస్తుంది అనుకో, నీ దగ్గర ప్లస్ 91తో ఉంది, సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేక కొత్త లీడ్ (కస్టమర్ ఎంట్రీ) తయారు చేస్తుంది. ఒకే రైతు రెండు పేర్లతో, ఇద్దరు అమ్మాయిల దగ్గర. ఒకరు ఒక ధర చెబుతారు, ఇంకొకరు ఇంకో ధర. చివరి పది అంకెలతో పోల్చే సెట్టింగ్ ఉంటే అది పెట్టు.

అంకెలు సరిగ్గా ఉన్నా కొన్ని వెళ్లకపోతే ఇంకో రెండు కారణాలు చూసుకో. ఖాతా ఇంకా ట్రయల్‌లో ఉంటే ముందుగా ధ్రువీకరించిన నంబర్లకే వెళ్తుంది. కేవైసీ పెండింగ్‌లో ఉన్నా అంతే: జీఎస్టీ సర్టిఫికెట్, పాన్, చిరునామా రుజువు, సంతకం చేసే అధికారం ఉన్న మనిషి పత్రం. ఇక డీఎన్‌డీలో (ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకున్నవాళ్ల జాబితా) ఉన్న నంబర్లను కొన్ని సేవలు రెండో లెగ్ దగ్గరే ఆపేస్తాయి. అప్పుడు లాగ్‌లో కారణం రాసి ఉంటుంది.

బత్తాయి_హాలియా

డీఎన్‌డీ మాట వచ్చింది కాబట్టి రైతు వైపు నుంచి ఒక మాట. నాకు ఆరెకరాల తోట. పొద్దున తోటలో వాల్వులు తిప్పుతుంటాను, చేతులకు మట్టి, ఫోన్ జేబులో మోగుతుంది. తుడుచుకుని ఎత్తితే అవతల ఎవరూ ఉండరు. హలో, హలో. కట్. మళ్లీ అదే నంబర్. ఇదేం పద్ధతి? డ్రిప్ కావాలని నేనే అడిగాను, నిజమే, కానీ ఇట్లా రెండుసార్లు అయితే మూడోసారి ఎత్తబుద్ధి కాదు. మధ్యాహ్నం భోజనం చేసి మంచం మీద వాలినప్పుడు చేయండి, అరగంట మాట్లాడతాను.

కాలింగ్_అక్క_ఎంబీఎన్‌ఆర్

అన్నా, ఆ నిశ్శబ్దం ఎట్లా వస్తుందంటే, కొన్ని ఆఫీసుల్లో ఆటో డయలర్ పెడతారు. అది ముందు కస్టమర్లకు ఒకేసారి చాలా కాల్స్ వేస్తుంది, ఎవరు ఎత్తితే వాళ్లను ఖాళీగా ఉన్న ఏజెంట్‌కు కలుపుతుంది. ఆ సమయానికి ఏజెంట్ ఖాళీ లేకపోతే మీకు నిశ్శబ్దమే. డ్రిప్ తమ్ముడు ఐదుగురితో ఆ జోలికి పోవద్దు. ఏజెంట్‌కు ముందు మోగే పద్ధతే మంచిది. రైతు ఎత్తేసరికి మనిషి లైన్‌లో ఉంటుంది.

సమయం మాట కూడా నిజమే. సాఫ్ట్‌వేర్‌లో ‘మళ్లీ ఎప్పుడు చేయాలి’ అనే గడి ఉంటుంది, మా వాళ్లు దాన్ని ఖాళీగా వదిలేసేవారు. దాన్ని నింపితే తప్ప కాల్ ముగించనివ్వకుండా సెట్ చేయించాను. మొదట్లో తిట్టుకున్నారు. ఇప్పుడు పొద్దున రాగానే ఎవరికి ఎప్పుడు చేయాలో లిస్టు సిద్ధంగా ఉంటుంది.

డ్రిప్_నల్లగొండ

హాలియా అన్నా, మీ మాట మా అమ్మాయిలకు చదివి వినిపించాను. పొద్దున కొటేషన్లు తయారు చేయడం, కాల్స్ మధ్యాహ్నం, సాయంత్రం అని మార్చేస్తున్నాం.

నంబర్లు సరిచేశాక రైతులకు కాల్స్ వెళ్తున్నాయి. కానీ ఐదుగురిలో ఇద్దరికి మొదటి లెగ్ మోగదు. లాగ్‌లో ‘నో ఆన్సర్’ అంటుంది. వాళ్లు ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నారు, మోగలేదని ఒట్టేస్తున్నారు. నా కళ్లతో చూశాను, నిజంగానే మోగలేదు.

సిగ్నల్_కల్వకుర్తి

ఇది నాకు తెలుసు, చిటికెలో అయ్యే పని. ఆ ఇద్దరి ఫోన్లలో కాల్ యాప్ తెరిచి రీసెంట్ లిస్టు చూడండి, ‘బ్లాక్డ్’ అనో ‘స్పామ్’ అనో మీ వర్చువల్ నంబర్ కనిపిస్తుంది. ట్రూకాలర్‌లో స్పామర్లను దానంతట అదే బ్లాక్ చేసే సెట్టింగ్ ఉంటుంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లో కూడా స్పామ్ వడపోత ఉంటుంది. ఐఫోన్ అయితే తెలియని నంబర్లను మోగనివ్వని సెట్టింగ్. పరిష్కారం తేలిక, వర్చువల్ నంబర్‌ను ‘ఆఫీసు’ అని కాంటాక్ట్స్‌లో సేవ్ చేయడమే. ఫోన్‌ను మోగనివ్వని ‘డు నాట్ డిస్టర్బ్’ మోడ్, రెండు సిమ్‌లలో ఏది ఆన్‌లో ఉంది, అవి కూడా చూడండి. సీఆర్‌ఎంలో ఆ అమ్మాయిల పేరు కింద ఇచ్చిన నంబర్ ఆ సిమ్‌దేనా?

డ్రిప్_నల్లగొండ

ఒకరికి స్పామ్ లిస్టు. ఇంకొకరి పేరు కింద ఉన్నది పాత నంబర్, ఆ సిమ్ వాళ్ల తమ్ముడి ఫోన్‌లో ఉంది! ఆ పిల్లాడు ఎన్నిసార్లు ఎత్తకుండా వదిలేశాడో. ఇప్పుడు ఐదుగురికీ మోగుతోంది.

జడ్చర్ల_రూల్స్

అంతా బాగుంది కానీ అసలు సంగతి ఎవరూ అడగడం లేదు. మీ వర్చువల్ నంబర్ ఏ సిరీస్? అమ్మకాల కోసం కాల్ చేయాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనలు ఉన్నాయి. 2018లో వచ్చిన టీసీసీసీపీఆర్ (వాణిజ్య కాల్స్, మెసేజ్‌ల నిబంధనలు) ప్రకారం ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే సిరీస్ వాడాలి, కంపెనీ డీఎల్‌టీ పోర్టల్‌లో (అలాంటి కాల్స్ చేసే సంస్థలు నమోదయ్యే సైట్) ప్రిన్సిపల్ ఎంటిటీగా, అంటే ఎవరి తరఫున కాల్ వెళ్తుందో ఆ సంస్థగా, రిజిస్టర్ కావాలి. 1600 సిరీస్ బ్యాంకులు, బీమా, ప్రభుత్వ శాఖల సేవా కాల్స్‌కు, అది మీకు వర్తించదు. 2024 ఆగస్టు 13న ట్రాయ్ ఒక ఆదేశం ఇచ్చింది. రిజిస్టర్ కాకుండా సిప్, పీఆర్‌ఐ (కంపెనీలు ఒకేసారి ఎన్నో కాల్స్ చేసుకునే) లైన్ల మీద ప్రచార కాల్స్ చేసేవాళ్ల లైన్లన్నీ కత్తిరించి రెండేళ్ల వరకు బ్లాక్‌లిస్టులో పెట్టమని. మీ క్లౌడ్ నంబర్ వెనక ఉన్నవి ఆ లైన్లే.

2025 ఫిబ్రవరిలో ఇంకా బిగించారు. మామూలు పది అంకెల నంబర్ నుంచి టెలిమార్కెటింగ్ చేయకూడదు. అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు వస్తే చర్య, ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు, ఇంతకుముందు మూడు రోజులే. మిల్లు సార్, మీ ఆఫీసు సిమ్‌లు కూడా వినాలి ఈ మాట.

మిల్లు_మిర్యాలగూడ

మేం చేసేది మా పాత పార్టీలకే. ఎవరు ఫిర్యాదు చేస్తారు?

జడ్చర్ల_రూల్స్

సార్, బియ్యం రేటు చెప్పమని వాళ్లే అడిగితే వేరు, కొత్త ఊళ్లో షాపుల లిస్టు కొని వరుసగా ఫోన్లు కొట్టడం వేరు. డ్రిప్ అన్నకూ అంతే. కొటేషన్ అడిగిన రైతుకు జవాబు చెప్పడం ఒకటి, ఎవరో అమ్మిన ‘నల్లగొండ జిల్లా రైతుల డేటా’ కొనుక్కుని అందరికీ ఫోన్ చేయడం ఇంకొకటి. రెండో పని చేయకండి. మొదటిదానికి ఏ నంబర్ వాడాలో, రిజిస్ట్రేషన్ ఏం కావాలో మీ టెలిఫోనీ కంపెనీతో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో సేల్స్ అబ్బాయి చెప్పిన మాట లెక్కలోకి రాదు. రైతు ఎక్కడ, ఎప్పుడు నంబర్ ఇచ్చాడో సీఆర్‌ఎంలో ఒక గడి పెట్టండి, రేపు ఫిర్యాదు వస్తే మీకు చూపించడానికి ఉండే కాగితం అదే. ‘వద్దు’ అన్నవాళ్లను ఆ రోజే లిస్టులోంచి తీసేయండి. వ్యక్తుల సమాచారం కాపాడాలని 2023 నాటి డిజిటల్ డేటా చట్టం కూడా చెబుతోంది.

బత్తాయి_హాలియా

140 నంబర్ వస్తే నేను ఎత్తను. మా ఊళ్లో ఎవరూ ఎత్తరు.

జడ్చర్ల_రూల్స్

అదే దాని ఉద్దేశం అన్నా. ప్రచారమో కాదో ఎత్తకముందే మీకు తెలియాలని.

సిగ్నల్_కల్వకుర్తి

ఇక్కడే ఇంకో మాట. చవగ్గా వస్తోందని విదేశీ ఖాతా తీసుకుని, మన నంబర్ కనబడేలా పెడతామనే ఏజెంట్లు తిరుగుతున్నారు. బయటి దేశం నుంచి వస్తూ +91 చూపించే కాల్స్‌ను ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. అట్లాంటి కాల్ రైతుకు చేరదు, డబ్బు మాత్రం పోతుంది.

డ్రిప్_నల్లగొండ

జడ్చర్ల సార్, మెయిల్ పెట్టాను. అడిగినవాళ్లకు తప్ప చేయడం లేదు, పుస్తకంలో సంతకాలు కూడా ఉన్నాయి, ఆ గడి పెడతాను.

ఇంకో రెండు చిక్కులు. కాల్స్ అవుతున్నాయి కానీ సీఆర్‌ఎంలో రైతు పేరు కింద కాల్ చరిత్ర రావడం లేదు. కొన్నింటికి వస్తే సమయం తప్పు, ఉదయం పదింటికి చేసింది నాలుగున్నరకు చేసినట్టు చూపిస్తోంది. మా ఇంట్లో అయితే నిద్ర లేచేవాళ్లు కూడా లేరు ఆ టైంకి.

లైన్‌మ్యాన్_పాలమూరు

సమయం సంగతి తేలిక. సర్వర్ ప్రపంచ ప్రామాణిక సమయం పంపుతుంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. సీఆర్‌ఎంలో టైమ్‌జోన్‌ను కోల్‌కతా అని పెట్టు, సరిపోతుంది. ఇది సరిచేయకుండా నెల రిపోర్టు తీస్తే తెల్లవారుజామున ఐదున్నర లోపు చేసిన కాల్ ముందు రోజు కింద పడుతుంది. నీకు ఆ టైంలో కాల్స్ ఉండవు కాబట్టి పెద్ద నష్టం లేదు, కానీ ‘ఏ గంటలో రైతులు ఎత్తుతున్నారు’ అన్న లెక్క మొత్తం తారుమారు.

చరిత్ర రాకపోవడానికి కారణం వెబ్‌హుక్. నువ్వు కీ, టోకెన్ ఇచ్చింది సీఆర్‌ఎం నుంచి టెలిఫోనీకి వెళ్లే దారికి. ‘కాల్ అయింది, ఇంత సేపు మాట్లాడారు, రికార్డింగ్ ఇదిగో’ అని టెలిఫోనీ తిరిగి చెప్పడానికి వేరే దారి కావాలి. సీఆర్‌ఎం ఒక లింక్ ఇస్తుంది, దాన్ని టెలిఫోనీ డాష్‌బోర్డులో స్టేటస్ కాల్‌బ్యాక్ అనే చోట అతికించాలి. రైతు నుంచి వచ్చే కాల్స్‌కు కాల్ ఫ్లోలో (వచ్చిన కాల్ ఎటు వెళ్లాలో పెట్టే చోట) ఇంకోచోట కూడా ఉంటుంది, రెండూ చూడు. ఒకచోటే పెడితే నువ్వు చేసినవి కనిపిస్తాయి, నీకు వచ్చినవి కనిపించవు.

రికార్డింగ్ కాల్ ముగియగానే రాదు, కొంచెం ఆలస్యంగా తయారవుతుంది. కంగారుపడి రిఫ్రెష్ కొట్టొద్దు. లింక్ నొక్కితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగిందంటే ఆ ఫైలుకు కీ, టోకెన్ కాపలా ఉన్నట్టు. వాటిని అమ్మాయిలకు ఇవ్వొద్దు. సీఆర్‌ఎమ్మే లోపల తెచ్చి వినిపించేలా పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పు.

డ్రిప్_నల్లగొండ

వెబ్‌హుక్ పెట్టగానే వర్షంలా వచ్చి పడ్డాయి కాల్స్ అన్నీ. రెండో చోటు కూడా పెట్టాను. అన్నా, నువ్వు నల్లగొండ వస్తే నీకు బిర్యానీ బాకీ.

మిల్లు_మిర్యాలగూడ

ఇప్పుడు ఖర్చు చెప్పండి. నిమిషానికి ఇంత అని రాస్తారు, బిల్లు వచ్చేసరికి రెట్టింపు ఉంటుందని మా బావమరిది అంటాడు.

కాలింగ్_అక్క_ఎంబీఎన్‌ఆర్

మీ బావమరిది నిజమే చెప్పారు. రెండు లెగ్‌లు కదా, చాలా ప్లాన్లలో రెండింటికీ లెక్క కడతారు. పైగా మొదటి లెగ్ మీటర్ ఏజెంట్ ఎత్తిన క్షణం నుంచి తిరుగుతుంది. ఉదాహరణకు మా అమ్మాయి ఎత్తింది, అవతల 35 సెకన్లు మోగింది, వాళ్లు ఎత్తి 40 సెకన్లు మాట్లాడారు. ఏజెంట్ లెగ్ 75 సెకన్లు, కస్టమర్ లెగ్ 40. పల్స్ (బిల్లు లెక్కగట్టే కనీస ముక్క) 60 సెకన్లు అయితే 2 నిమిషాలు, 1 నిమిషం, మొత్తం 3. పల్స్ 30 సెకన్లు అయితే రెండున్నర. మాట్లాడింది 40 సెకన్లే. అవతలివాళ్లు ఎత్తకపోయినా మన లెగ్‌కు పడుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. కాబట్టి ప్లాన్ తీసుకునే ముందు నిమిషం రేటు కంటే పల్స్ ఎంత, రెండు లెగ్‌లకూ కడతారా అన్నది అడగండి. ఎక్కువసేపు మోగనివ్వకుండా ఎన్ని సెకన్లకు ఆపాలో కూడా పెట్టుకోవచ్చు, కానీ మరీ తగ్గించకండి. రైతు ఫోన్ బయటికి తీసేసరికే టైం పడుతుంది.

మిల్లు_మిర్యాలగూడ

ఇంత విప్పి మాకు ఏ సేల్స్ మనిషీ చెప్పలేదమ్మా.

డ్రిప్_నల్లగొండ

ఇప్పుడు రైతులు ఆ నంబర్‌కే మిస్డ్ కాల్ ఇస్తున్నారు. కాల్ కలవగానే వాళ్లకు ‘వెల్‌కమ్, ప్రెస్ వన్’ అని ఒక ఆడగొంతు. ఎవరూ నొక్కడం లేదు, పెట్టేస్తున్నారు.

కాలింగ్_అక్క_ఎంబీఎన్‌ఆర్

ఫోన్ చెవికి ఆనించుకున్న మనిషి మళ్లీ ముందుకు తీసి ఒకటి నొక్కడు తమ్ముడూ. ఆ మెనూ తీసేయ్. చివరగా ఏ అమ్మాయి మాట్లాడిందో ఆమెకే నేరుగా వెళ్లేలా పెట్టు, స్టిక్కీ ఏజెంట్ అంటారు. ఆమె బిజీ అయితే మిగతా నలుగురికి. అందరూ బిజీ అయితే ‘మేమే తిరిగి చేస్తాం’ అని తెలుగులో ఒక్క వాక్యం. మీ అమ్మాయిల్లో మంచి గొంతు ఉన్నవాళ్లతో చెప్పించు, కంప్యూటర్ గొంతు వద్దు. ‘కాల్ రికార్డ్ అవుతుంది’ అని కూడా అందులోనే చెప్పించు.

సిగ్నల్_కల్వకుర్తి

ఫోన్‌లో రికార్డ్ చేసిన ఆడియో నేరుగా ఎక్కిస్తే తీసుకోకపోవచ్చు. 8 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్ వేవ్ ఫైలుగా మార్చి ఎక్కించండి. ఫ్యాన్ ఆపి రికార్డ్ చేయండి, లైన్ మీద ఆ గుయ్యి మనిషి గొంతు కంటే పెద్దగా వినబడుతుంది.

డ్రిప్_నల్లగొండ

చేశాం. మిస్డ్ కాల్స్ తగ్గాయి, నేరుగా మాట్లాడుతున్నారు. ఆఖరి ప్రశ్న. ఇదంతా పెట్టిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చే నెల మానేస్తున్నాడు. మంచివాడే, కానీ టోకెన్ అతని దగ్గర ఉంది. మారిస్తే మళ్లీ 401 మొదలవుతుందా?

లైన్‌మ్యాన్_పాలమూరు

పాతది ముందు తీసేస్తే మొదలవుతుంది. క్రమం తిరగెయ్యి. డాష్‌బోర్డులో రెండో కీ తయారు చెయ్యి, పాతది అలాగే ఉండనీ. సీఆర్‌ఎంలో కొత్త కీ, టోకెన్ పెట్టి సేవ్ చేసి, నీ సొంత నంబర్‌కు ఒక కాల్ వేయి. రెండు లెగ్‌లూ మోగి, రికార్డింగ్ కూడా వచ్చిందంటే అప్పుడు పాత కీ తొలగించు. రికార్డింగ్ వినకుండా తొలగించొద్దు, ఎందుకంటే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ భాగానికి కీ వేరే గడిలో ఉంటుంది. కొన్ని సేవల్లో ఒక్క టోకెనే ఉంటుంది, రెండోది ఇవ్వరు. అట్లా అయితే అమ్మాయిలు ఇంటికెళ్లాక రాత్రి పూట మార్చు. ఆ కుర్రాడి లాగిన్‌ను డాష్‌బోర్డులోంచి తీసేయడం మాత్రం టోకెన్‌తో సంబంధం లేని వేరే పని, అది కూడా చెయ్యి.